ఇల్లును అంగడియు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట పుట్టిన కాలమున ఇల్లెక్కడ ముగియునో రచ్చ యెక్కడ మొదలగునో ఎవరును కొలిచి చూచినవారు కారు. రెంటి నడుమ అరుగు ఉండెడిది. వైద్యుడు నాడి చూచినది అరుగు మీదనే. పంతులు ఓనమాలు దిద్దించినది అరుగు మీదనే. నేతగాడు చీర మడత విప్పి సాహుకారుతో బేరమాడినదియు అరుగు మీదనే. అరుగు ఇంటిదా, వీథిదా అని అడిగినవారు లేరు. నేడు ఆ ప్రశ్నను నగర ప్రణాళికా నియమములు అడుగుచున్నవి. ఇంటిలో కూర్చుండి నాలుగు రూకలు సంపాదించుకొను ప్రతి కుటుంబమును ఆ ప్రశ్నకు ఎప్పుడో ఒకప్పుడు సమాధానము చెప్పవలసియే వచ్చును. రవికలు కుట్టు ఆడపడుచునకు, ఆవకాయ పెట్టి అమ్ము అత్తగారికి, సాయంకాలమున పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పు మాస్టరుగారికి, ముందుగదిలో రోగులను చూచు వైద్యునికి, అందరికిని ఇది వర్తించును. కావున ఈ సంచికలో కళలను గూర్చియు కవులను గూర్చియు వ్రాయు పెద్దల నడుమ, ఈ పొడి విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి. చాలకాలము నగర పరిపాలనా కాగితముల నడుమ గుమాస్తాగా గడపినవారము గనుక ఇందు మాకు కొంత పరిచయము కలదు.

మహారాష్ట్రములో స్థిరపడిన తెలుగువారిలో పద్మశాలీలు ముఖ్యులు. నిజాము రాజ్యములోని తెలంగాణపు పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వచ్చినవారు కొందరు, ఆ తరువాత భీవండికిని బొంబాయికిని పోయినవారు కొందరు. మా బాల్యము షోలాపురములో తెలుగువారు గుమిగూడియుండు తూర్పుభాగమున గడచినది. అచ్చటి ఇండ్లను చూచినవారికి ఇల్లు వేరు, పని వేరు అను తలంపే తోచెడిది కాదు. ముందుగదిలో గుంటమగ్గము, దాని ప్రక్కనే ఉయ్యాల, వెనుకగదిలో కండెలు చుట్టు రాట్నము. ఉదయమున వీథి పొడవునను పడుగు సాగదీసి గంజి పెట్టుచుండిరి. బండ్లు వచ్చినచో ఆగి దారి అడిగెడివి. మధ్యాహ్నమున ఇల్లాండ్రు గుమ్మములలో చేరి, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండిరి. గుడ్డ కొనువారు తిన్నగా ఇంటికే వచ్చెడివారు. వారికి మంచినీళ్లిచ్చి, మంచము వాల్చి, దుప్పట్లు పరచి చూపెడివారు. అది ఇల్లా, కార్ఖానాయా, అంగడియా అని అడిగినచో మా బాపు నవ్వియుండెడివాడు. అది మూడును. అందుచేతనే మేము అన్నము తింటిమి.

పటము మీద గీత గీసి, ఇది నివాసమునకు, ఇది వ్యాపారమునకు, ఇది పరిశ్రమకు అని విభజించు పద్ధతి మనదేశమునకు ఇరువదవ శతాబ్దిలో వచ్చినది. బొంబాయి రాష్ట్రమున 1915లోను, మద్రాసు రాష్ట్రమున 1920లోను నగర నిర్మాణ చట్టములు చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఒరిస్సాలో 1956లోను, కర్ణాటకమునకు నేడు వర్తించు చట్టము 1961లోను, మహారాష్ట్రమున 1966లోను, యానాము చేరియున్న పుదుచ్చేరి ప్రాంతమునకు 1969లోను, తమిళనాడునకు 1971లోను వచ్చినవి. ఒరిస్సాలో అభివృద్ధి ప్రాధికార సంస్థల చట్టము 1982లో చేసిరి. బరంపురమువంటి తెలుగువారున్న పట్టణములకు అది ముఖ్యము. మన సంఘముల సభ్యులు నివసించు చోటులన్నిటను ఇట్టి చట్టమొకటి కలదనుట మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ చట్టములలో సామాన్యునకు తెలియని సూక్ష్మమొకటి కలదు. 'అభివృద్ధి' అనగా గోడ కట్టుట, మేడ వేయుట మాత్రమే అని మనము తలంచుచున్నాము. మహారాష్ట్రపు 1966 నాటి చట్టములో, ఉన్న కట్టడమును వేరొక పనికి గణనీయముగా మార్చి వాడుటయు అభివృద్ధియే. ఇటుక మీద ఇటుక పెట్టకపోయినను, ముందుగదిలో మంచము తీసి బల్ల వేసి దుకాణము పెట్టినచో అనుమతి కావలసిన పనియే అగును. 'మేమేమియు కట్టలేదు గదా' అని కార్యాలయములకు వచ్చి వాదించినవారిని మేమెందరినో చూచితిమి. కట్టలేదన్నది నిజమే. వాడుక మారినదన్నదియు నిజమే.

అయినను ఇంటిలో ఏ పనియు చేయరాదని నియమములు చెప్పుటలేదు. 2020లో, బొంబాయి నగరమును మరికొన్ని ప్రాంతములను మినహాయించి, మహారాష్ట్రమంతటికిని ఏకీకృతముగా వచ్చిన నియమావళిలో, పూర్తిగా నివాసమునకు కేటాయించిన వీథులలో సైతము వాడుకగా ఇంట చేసికొను వృత్తులకు చోటు కలదు. కుట్టుపని, అల్లిక, గుండీలు చేయుట వంటివి ఉదాహరణములుగా అందే పేర్కొనిరి. కాని వానికి హద్దులు కలవు. పని చేయువారు ఆ ఇంట నివసించు కుటుంబమువారై యుండవలెను. కూలికి మనుష్యులను పెట్టరాదు. ఇంటి వెలుపలనుండి చూచువానికి ఇది నివాసము గాక మరియొకటి అని తోచునట్లు ఏ ప్రదర్శనయు ఉండరాదు. ఆ ఇంట తయారైనది తప్ప ఇతర వస్తువును అమ్మరాదు. యంత్రమునకు విద్యుత్తు వాడినచో మొత్తము ఒక హార్సుపవరు, అనగా ముప్పాతిక కిలోవాటు, మించరాదు. జనులకు అన్నపానములు వడ్డించు చోటు ఈ లెక్కలోనికి రాదు. అనగా ఇంట ఆవకాయ పెట్టి జాడీలలో అమ్మినచో ఒక మాట; ముందుగదిలో విస్తళ్లు వేసి మెస్సు నడిపినచో వేరొక మాట. ఇంట నివసించు వైద్యుడు, న్యాయవాది మొదలైనవారు తమ వృత్తికి ఏబది చదరపు మీటర్లు మించని భాగమును వాడుకొనవచ్చును. వీథి వెడల్పును బట్టి కూడ హక్కులు మారును. పాతబస్తీలో తొమ్మిది మీటర్లు, వెలుపల పండ్రెండు మీటర్లు వెడల్పు గల వీథులలో అంగళ్లకు అవకాశము ఎక్కువ. అంతకంటె ఇరుకైన వీథులలో తక్కువ.

ఈ నియమములు కాగితము మీద చదువుట వేరు, అవి ఒక గుమ్మములోనికి నడచివచ్చుట చూచుట వేరు. మేమిప్పుడుండు పట్టణములో మా వీథి ఆరు మీటర్ల వెడల్పు గలది. ఆ వీథిలో మనవారి ఆడపడుచు ఒకతె కలదు. ఆమె భర్త పనిచేయు పవర్‌లూము కార్ఖానా మూతపడగా, అతడు రాత్రి కావలికి కుదిరెను. ఆమె బీడీలు చుట్టి చుట్టి మెడనొప్పి పాలై, కుట్టుపని నేర్చెను. ఒక మిషనుతో ఆరంభించెను. చేయి మంచిది, మాట మంచిది. నాలుగేండ్లలో మిషన్లు మూడైనవి. సాయమునకు ఇద్దరు బాలికలను జీతమునకు పెట్టుకొనెను. గుమ్మము మీద ఫోను నంబరుతో రేకుబోర్డు వెలసెను. రవికలు కుట్టించుకొనుటకు వచ్చువారు అడుగుచున్నారని, టోకు వ్యాపారి యొద్దనుండి నైటీలు తెచ్చి అమ్మసాగెను. ఆ ఆదాయముతోనే పెద్దకుమారుని పాలిటెక్నిక్‌లో చేర్పించెను.

సాయంకాలమగుసరికి ఆ ఇరుకు వీథిలో ఏడెనిమిది స్కూటర్లు నిలుచుచుండెను. ఎదురింట మహారాష్ట్రుడైన వృద్ధుడొకడు భార్యతో నివసించుచుండెను. ఆమె మంచము పట్టిన మనిషి. ఒకనాటి సాయంకాలము ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు వచ్చిన ఆటో గుమ్మము వరకు రాలేకపోయెను. స్కూటర్లవారిని ఒక్కొక్కరినే లోపలినుండి పిలిచి తీయించుసరికి, ఆ వృద్ధుడు భార్యను చేతులమీద ఎత్తుకొని వీథి చివరకు నడచెను. మరుసటి వారమే అతడు అర్జీ పెట్టెను. నెల తిరుగకముందే ఆమెకు సంబంధిత కార్యాలయమునుండి నోటీసు వచ్చెను.

ఆమె ఆ కాగితము పట్టుకొని మా ఇంటికి వచ్చి, "పెదబాపూ, మిషిన్లన్నీ అమ్ముకోవాల్నా? ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నది గద, గది చెల్లదా?" అని అడిగెను. ఆ ధ్రువపత్రమును ఆమె పటము కట్టించి మార్కండేయస్వామి పటము క్రింద తగిలించుకొనియుండెను. అందుకే ఆమెకు అంత ధైర్యము.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. 2020 జులై 1 నుండి కేంద్రప్రభుత్వము చిన్న పరిశ్రమలకు ఇచ్చుచున్న ఉద్యమ్ నమోదు, వ్యాపారి తనంతట తాను చెప్పుకొన్న వివరముల మీద ఇచ్చునది. అప్పులకును ప్రభుత్వ పథకములకును అది ఉపయోగపడును. మహారాష్ట్రములో 2017 నాటి దుకాణముల చట్టము క్రింద, కొద్దిమంది పనివారే యున్న చిన్న సంస్థ సమాచారమిచ్చి రసీదు పొందవలెను. అది పనివారి విషయమునకు సంబంధించినది. ఆహారపదార్థముల నమోదు 2006 నాటి ఆహార భద్రతా చట్టమునకు సంబంధించినది. ఇవియేవియు ఈ ఇంట ఈ పని చేయవచ్చునని చెప్పు కాగితములు కావు. భూమి వాడుకను గూర్చి చెప్పవలసినది స్థానిక ప్రణాళికా నియమావళి మాత్రమే. ఒక కార్యాలయపు ముద్ర వేరొక కార్యాలయమున చెల్లకపోవుట అన్యాయముగా తోచవచ్చును గాని, ఒక్కొక్క ముద్ర ఒక్కొక్క ప్రశ్నకే సమాధానము.

నోటీసును మేము రెండుమార్లు చదివి, ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని లెక్క చూచితిమి. యంత్రముల విషయమున ఆమెకు దోషము లేదు. మూడు మిషన్ల మోటారులు కలిసినను ఒక హార్సుపవరునకు చాల తక్కువ. రవికలు కుట్టుటలో దోషము లేదు. జీతమునకు పెట్టుకొన్న బాలికలిద్దరు, గుమ్మము మీది బోర్డు, బయటనుండి తెచ్చి అమ్ము నైటీలు, ఈ మూడును నియమమును దాటినవి. స్కూటర్ల మాట ఆ నిర్వచనములో లేదు. కాని అసలు గాయము అదియే.

ఆమె మొదట కన్నీరు పెట్టుకొన్నది. పిమ్మట ఎదురింటివారిమీద కోపము తెచ్చుకొన్నది. మనవారు కొందరు వచ్చి, తెలుగువారమని గదా ఇట్లు చేసిరని మాట లేవదీయ జూచిరి. మేము దానిని సాగనీయలేదు. భార్యను చేతులమీద మోసికొనిపోయినవానికి ఏ భాషయైనను ఒకటే. ఆ మాట చెప్పగా ఆమె చాలసేపు మౌనముగా నుండి, తానే పోయి ఆ వృద్ధురాలిని పలుకరించి వచ్చెను.

సమాధానము మరాఠీలో ఒకటిన్నర పుట వ్రాసితిమి. బోర్డు తీసివేసితిమనియు, తెచ్చి అమ్ము సరకు మానితిమనియు, జీతగాండ్రు లేరనియు, కుట్టించుకొనువారు మధ్యాహ్నము రెండుగంటలనుండి అయిదుగంటలవరకే వత్తురనియు, బండ్లు వీథి మొగలోని ఖాళీస్థలమున నిలుపుదురనియు, వచ్చి చూచుకొనవచ్చుననియు అందలి సారాంశము. దానిని గడువులోపల ఇచ్చి, ఆవక్ నంబరుతో ముద్ర వేయించుకొని, ప్రతిని భద్రపరచితిమి. తనిఖీకి వచ్చిన ఉద్యోగి గది కొలిచి, మిషన్లు లెక్కపెట్టి, వ్రాసికొని పోయెను. పది మాసములు గడచినవి. మరల నోటీసు రాలేదు. ఫైలు ముగిసినదని కాగితమును రాలేదు. ఆమె నేటికిని కుట్టుచున్నది. ఆదాయము సగమునకు కొంచెము పైన. పనిచేసిన బాలికలలో ఒకతె ఒక మిషనును వాయిదాలమీద కొని తన ఇంటిలో పెట్టుకొని కాజాలు, కుచ్చులు కుట్టి పంపుచున్నది. రెండవ బాలిక ఇంట మిషను పెట్టుటకు చోటు లేక మరల బీడీల చాట పట్టినది.

ఆ రెండవ బాలికను తలంచినపుడెల్ల మాకు నియమము పూర్తిగా న్యాయమని తోచదు. కూలిమనిషిని పెట్టరాదను మాట వెనుక ఉన్న భయము మాకు అర్థమగును. ఒకరు ఇద్దరగుదురు, ఇద్దరు ఇరువదిమంది యగుదురు. ఇల్లు కార్ఖానా యగును. మా బాల్యములోని ఆ ఇండ్లలో పవర్‌లూములు చేరిన పిమ్మట, రాత్రింబవళ్లు ఆ చప్పుడులో పసిపిల్లలు నిద్రించుట మేము చూచినదే. దూదిపొగతో దగ్గుచు పోయిన పెద్దలను ఎరుగుదుము. ఇల్లును పనియు ఒకటిగా నున్న ఆ కాలమును ఊరక పొగడుట సత్యము కాదు. అయినను ఇద్దరు బాలికలు సూదిదారము పట్టి కూర్చుండుట వలన వీథికి కలిగిన బాధ ఏమి? బాధ కలిగించినది నిలిచిన వాహనము. నియమము మనుష్యులను లెక్కించుచున్నది. వీథి చప్పుడును, పొగను, దారికి అడ్డమును లెక్కించును. వీథి లెక్కకు నియమము లెక్క దగ్గరగా వచ్చిన కొలది న్యాయము పెరుగును.

ఈ చిక్కు మన పట్టణములకే కాదు. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తర్వు వలన ఢిల్లీలో నివాసగృహములలో నడచు అంగళ్లకు తాళములు వేసి ముద్రలు వేయసాగిరి. నగరమంతయు అల్లకల్లోలమైనది. 2007 ఫిబ్రవరిలో ప్రకటించిన ఢిల్లీ బృహత్ప్రణాళికలో, ఇరువది చదరపు మీటర్లు మించని చిన్న అంగళ్లను నిత్యావసర వస్తువులకు నేల అంతస్తున అనుమతించిరి. ఇంట నివసించు వృత్తినిపుణులకును వేరుగా చోటిచ్చిరి. 2011లో నోయిడా ఇండ్లలోని బ్యాంకులు, నర్సింగుహోములను గూర్చి తీర్పు చెప్పినపుడు అదే న్యాయస్థానము, నివాసమునకిచ్చిన స్థలమును వ్యాపారమునకు వాడరాదని గట్టిగా పలుకుచునే, వైద్యులు, న్యాయవాదులు మొదలైనవారు నేల అంతస్తులో నియమితమైన కొంత భాగమును వాడుకొనుటను అంగీకరించినది. బ్యాంకునకును కుట్టుమిషనునకును భేదమున్నదని పెద్ద న్యాయస్థానములును ఎరుగును. ఆ భేదమును పట్టణపు నియమావళిలో ఎంత స్పష్టముగా వ్రాయింపగలమన్నదే మన ముందున్న పని.

ఇచ్చటనే అల్పసంఖ్యాకులమైన మనకు ఒక ప్రత్యేకమైన బాధ్యత కలదు. మహారాష్ట్రపు చట్టము ననుసరించి నగరపు ముసాయిదా ప్రణాళికను ప్రకటించినపుడు, ఆక్షేపణలను సూచనలను తెలుపుకొనుటకు జనులకు నియమితమైన గడువు కలదు. ఇతర రాష్ట్రములలోను జనుల మాట వినుటకు గడువులు ఏర్పరచియే యున్నారు. ఏ వీథి నివాసము, ఏ వీథి మిశ్రమము అని నిర్ణయమగునది ఆ సమయముననే. ఆ ప్రకటన మరాఠీలోనో, కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో పత్రికలో ఒక మూల పడును. మన పెద్దలు ఇంట తెలుగు మాటలాడుకొందురు, వీథిలో ఆ రాష్ట్రభాష మాటలాడుదురు. కాని ఆ భాషలో అచ్చైన సర్కారీ ప్రకటనను చదువు అలవాటు చాలమందికి లేదు. మేము పనిచేసిన కాలమున ఆక్షేపణల కట్టలు మా చేతులమీదుగా పోయెడివి. వర్తక సంఘములవారివి ఉండెడివి, భూస్వాములవి ఉండెడివి. ఇంటింట మిషను ఆడు, చాట ఆడు వీథులనుండి వచ్చిన కాగితములు వ్రేళ్లమీద లెక్కింపదగినవిగా నుండెడివి. అడుగని వీథికి పటము మీద పసుపురంగు పడి, నివాసమాత్రమని వ్రాయబడినచో ఆ తప్పు గీసినవానిది మాత్రమే అనలేము.

కావున మన సంఘముల కార్యవర్గములకు కొన్ని మనవులు. సంఘభవనమున మీ పట్టణపు ప్రణాళికాపటమును నియమావళిని ఒక్కొక్క ప్రతి ఉంచుడు. ఆ రాష్ట్రభాష చక్కగా చదివిన యువకునొకనిని, నెలకొకసారి ప్రకటనలు చూచి తెలుగులో చెప్పుటకు నియమింపుడు. ఇంట వ్యాపారము పెట్టదలచిన ఆడపడుచునకు మొదటి మిషను కొనకముందే నాలుగు ప్రశ్నలు నేర్పుడు: మన వీథి ఏ వర్గములోనిది, దాని వెడల్పెంత, ఎవరు పనిచేయుదురు, వచ్చువారి బండ్లెచ్చట నిలుచును? నోటీసు వచ్చినచో దాచవలదు, భయపడి అమ్ముకొనవలదు, ఎవరి చేతిలోను రహస్యముగా రూకలు పెట్టవలదు. గడువులోపల వ్రాతమూలకముగా సమాధానమిచ్చి ముద్ర వేయించుకొనుడు. విద్యుత్తు బిల్లును కూడ చూచుకొనుడు. మహారాష్ట్రమున 2020 నాటి టారిఫ్ ఉత్తర్వులో, ఇంటి భాగములో చిన్న వ్యాపారము చేయువారికి నెలకు మూడువందల యూనిట్లవరకు గృహరేటునే వర్తింపజేసిరి. ఇట్టి సదుపాయములు తెలియక అధికముగా చెల్లించువారు ఎందరో కలరు.

మన పూర్వులు పరాయిసీమకు మగ్గము మోసికొని వచ్చి, ఇంటిలోనే పని చేసి, మనలను చదివించిరి. ఆ అవకాశము మన బిడ్డలకును పొరుగువారి బిడ్డలకును ఉండవలెను. పొరుగువారి గుమ్మమునకు అడ్డము కాకుండ ఉండవలెను. ఈ రెంటిని కలిపి వ్రాసిన సూచనలతో, రాబోవు ముసాయిదా వెలువడిన పిమ్మట గడువులోపల, ప్రతి తెలుగు సంఘమునుండి కనీసము ఒక్క కాగితమైనను ఆవక్ పుస్తకమున చేరవలెనని మా కోరిక.